బిరడా పెట్టావా?

ఫోనులో బెవ్ చెప్పింది "పట్టుకోవడానికి". పడవలమ్మే డగ్గీ చెవికి చేరింది "పడుకోవడానికి". అందుకే శనివారం పొద్దున యాంబా ఏటి రేవుకి, ఇద్దరు ముసలివాళ్లు చేపలు పట్టుకునే రేకు పడవకు బదులు, ఆరుగురు పడుకోగల తెల్లటి గదుల పడవ ట్రైలరు మీద ఊరేగింపుగా వచ్చింది.

లయల్ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా పొద్దుటిపూట అతనూ, భార్య బెవ్వూ, ఒక రేకు పడవ, ఒక ఫ్లాస్కు టీ. మొన్న దాని అడుగు చీలింది. అలాంటిదే ఇంకోటి తెమ్మని బెవ్ ఫోను చేసిందనుకున్నాడు. ఆమె మనసులో ఈ పడక పడవ ఉందన్నమాట. కూతురూ, అల్లుడూ, మనవలూ అందరూ ఎక్కాలని కాబోలు. పొద్దుటి టీకి ఇక నీళ్లొదులుకోవాల్సిందే. పెళ్లాం ముచ్చట కాదంటే జన్మంతా మాట పడవా, అని తనను తనే ప్రశ్నించుకున్నాడు.

"బాగుంది," అన్నాడు.

"నీకు నచ్చితే సరే," అంది బెవ్, ముఖం అటు తిప్పుకుని.

"నాన్నా, లోపల వంటగది కూడా ఉంది," అంది కూతురు లీయాన్.

"మీ అమ్మకి ఇంట్లో ఒకటి చాలదని."

పడవని నీళ్లలోకి దింపడానికి, రేవు వాలులో ట్రైలరు తగిలించిన కారు వెనక్కి నడపడం మొదలైంది. అల్లుడు క్రెయిగ్ రమ్మన్నాడు, లీయాన్ ఆగమంది, డగ్గీ ఎడమకన్నాడు, మనవలు కుడికన్నారు. బెంచీ మీది రేవు పెద్దలకు టిక్కెట్టు లేని ఆట. ఎలాగో పడవ నీళ్లలోకి జారింది, అందరూ ఎక్కారు.

"నాన్నా, కార్పెట్టు తడిగా ఉందేంటి?"

కాసేపటికి అది తడి కాదు, మడుగు.

"వెనక కన్నానికి బిరడా ఎవరు పెట్టారు?" అన్నాడు లయల్.

క్రెయిగ్ డగ్గీని చూశాడు. డగ్గీ లీయాన్‌ని చూశాడు. "మీరు పెట్టారనుకున్నా మామయ్యా," అన్నాడు క్రెయిగ్.

ట్రైలరు మీదికి లాగేసరికి వెనక కన్నంలోంచి ఏరు మళ్లీ ఏట్లోకి దూకింది. బెంచీ చప్పట్లు కొట్టింది.

రేకు పడవ బిరడా బెవ్ తాళాల గుత్తికే వేలాడేది. దింపే ముందు లయల్ "బిరడా?" అంటాడు. ఆమె వంగి బిగించి "బిరడా" అంటుంది. ముప్పై ఏళ్లలో ఒక్కనాడు తప్పలేదు. ఇవాళ ఇన్ని నోళ్ల మధ్య ఆ ఒక్క మాటకే చోటు లేకపోయింది.

"ఇవాళ అడగలేదేం?" అంది బెవ్.

"ఇంతమందిలో నువ్వు కనపడితే కదా."

ఆమె గుప్పిట విప్పింది. పాత బిరడా. "పొద్దుటినుంచీ పట్టుకునే ఉన్నా. అలవాటు."

లయల్ దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. "బెవ్, నాకు చిన్న పడవే కావాలి. నీ ముచ్చట కదా అని ఊరుకున్నా."

"నా ముచ్చటా? నేను చెప్పింది చిన్నదే. నువ్వు మార్పించావని నోరు మూసుకున్నా. ఎంత కష్టమైందో తెలుసా?"

"అమ్మా, మరి మేం?" అంది లీయాన్.

"చిన్న పడవ వచ్చాక మీరు ఒడ్డున పొయ్యి వెలిగించండి. చేపలు మేం తెస్తాం," అంది బెవ్.

"ఇంతకీ ఈ ఓడ ఎవరు తెమ్మన్నారు?" అని బెంచీ మీంచి ఎవరో అడిగారు.

కార్పెట్టు పిండుతున్న డగ్గీ తలెత్తాడు. "బెవ్ చెప్పింది పట్టుకోవడానికి. నేను విన్నది పడుకోవడానికి. మనవలు కూడా ఉన్నారు కదా అని ఆరు పడకలది తెచ్చా," అని అందరికీ వినపడేలా ఒప్పుకున్నాడు.