పదకొండు రోజులు

కాలేజీలో ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాక, మా ఆవిడ సీతాబాయి పోయిన రెండో ఏట, నేనొక సర్వేలో చేరాను. షాపూర్‌నగర్‌లో మా ఇంట్లో గోడగడియారం చప్పుడు తప్ప ఏమీ వినిపించని రోజులవి. కొండాపూర్‌లో డాక్టర్ పద్మావతి అనే మానసిక వైద్యురాలు ఆన్‌లైన్ ఆటలు, జూదం, ఇంటర్నెట్ వదల్లేని వాళ్ల మీద పరిశోధన చేస్తున్నారు. ఇళ్లకు వెళ్లి ఇరవై ప్రశ్నలు అడగడం నా పని. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి ఐదు మార్కులు. మొత్తం యాభై దాటితే వైద్యానికి రమ్మని ఆస్పత్రి నుంచి ఉత్తరం వెళ్తుంది. దాటకపోతే ‘మీకు సమస్య లేదు’ అని వెళ్తుంది.

2011 నవంబరు మొదట్లో, సకల జనుల సమ్మె ముగిసి ఇంకా పది రోజులు కాలేదు, ఖానామెట్‌లో గిరీష్ వాళ్ల ఫ్లాటుకు వెళ్లాను. గిరీష్‌ది అనంతపురం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. ముప్పై దాటి ఉంటాయి. తలుపు తీసింది అతని భార్య తేజస్విని. ఫోన్ చేసి సర్వేలో అతని పేరు రాయించింది కూడా ఆమే.

టీ తాగుతారా అంటే వద్దన్నాను. ఆమె రెండోసారి అడిగింది. నాకు సీతాబాయి గుర్తొచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా తిన్నరా అని తను రెండుసార్లు అడిగేది. మొదటిసారి అందరూ తిన్నామనే అంటారని ఆమె లెక్క. టీ తీసుకున్నాను.

"మా ఆయన ఆ ఆటలో రాజు సార్," అంది తేజస్విని. "నలభై మంది సైన్యం. ఇంట్లో గ్యాస్ బుక్ చేయమంటే మాత్రం రాజుగారికి తీరదు."

"మంత్రివి నువ్వున్నావు కదా, నువ్వే చేయి," అన్నాడు గిరీష్.

ఇద్దరూ నవ్వారు. నవ్వుకునే ఇల్లు కదా, అంత ముదిరి ఉండదులే అనుకున్నాను.

"ఆమెకూ నాకూ ఒక ఒప్పందం ఉంది సార్," అన్నాడతను. "యాభై దాటితే నోరెత్తకుండా డాక్టరు దగ్గరికి వస్తా. దాటకపోతే ఇంగ ఆమె నా ఆట ఊసెత్తకూడదు. నేను టెస్టర్‌ని. నంబరు చూపిస్తే నమ్ముతా."

అతను దాచకుండానే జవాబులు చెప్పాడు. పద్నాలుగో ప్రశ్న దగ్గరికి వచ్చాం. గడిచిన ముప్పై రోజుల్లో ఎన్ని రోజులు పనికి వెళ్లలేదు?

"పదకొండు."

పది దాటితే ఐదు మార్కులు. కానీ ఆ ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో ఒక సూచన ఉంది. బంద్, సమ్మె వల్ల వెళ్లలేని రోజులు లెక్కించరాదు.

"సమ్మె రోజులేనా?" అని అడిగాను.

"అవును సార్, అప్పుడే."

ఇంకో మాట అడగాల్సింది. అడగలేదు. సమ్మె నలభై రెండు రోజులూ నేను మా చౌరస్తాలో టెంటు కింద కూర్చున్నాను. రోడ్డు మీదే వంటావార్పూ చేశాం. బస్సులు లేవు, బడులు లేవు. ఊరంతా ఆగిందని నమ్మాను, ఆగినందుకు గర్వపడ్డాను. పైగా రాయలసీమ వాళ్లింట్లో కూర్చుని సమ్మె గురించి గుచ్చి గుచ్చి అడిగితే వేరే అర్థం వస్తుందనుకున్నాను. ఆ రోజుల్లో మేమందరం ఆ మాట ఎత్తకుండా మంచిగా మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. పద్నాలుగో ప్రశ్నకు సున్నా వేశాను. మొత్తం నలభై ఆరు వచ్చింది.

తేజస్విని లిఫ్టు దాకా నా వెంట వచ్చింది.

"సార్, ఆ పదకొండు రోజులు రాసుకున్నారా?"

"సమ్మె రోజులు లెక్కకు రావమ్మా."

ఆమె ఏదో చెప్పబోయింది. నా చొక్కా జేబుకు ‘జై తెలంగాణ’ బిళ్ల ఉంది. దాని వైపు చూసి ఆగిపోయింది. "సరే సార్," అంది. లిఫ్టు తలుపు మూసుకునే వరకు అక్కడే నిలబడింది.

రెండో విడత సర్వేకు మరుసటి ఏడు మే నెలలో మళ్లీ వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ భార్య బాలమ్మ ఎదురైంది.

"పుస్తకం పట్టుకొని మళ్లొచ్చినవా సారూ. ఆ తల్లి ఇల్లిడిచి పోయి రెండు నెలలాయె. ఇంత అన్నం నేనే పెడుతున్న. పెడితే తింటడు, అడగడు."

తలుపు తెరిచే ఉంది. గిరీష్ గడ్డం పెరిగి, చొక్కా లోపల సగమైనట్టున్నాడు. కంప్యూటర్ తెర వెలుగుతూ ఉంది. ఫ్రిజ్ మీద మా ఉత్తరం అంటించి ఉంది. మీకు సమస్య లేదు.

కుర్చీ మీద బట్టలు తీసి నాకు చోటిచ్చాడు. నేను అడక్కుండానే చెప్పుకొచ్చాడు. ఫిబ్రవరిలో ఉద్యోగం పోయిందట. మార్చిలో మామగారు మునిస్వామి కంటి ఆపరేషన్‌కు వచ్చారట. కాచిగూడ స్టేషనుకు వెళ్లి తీసుకురావాల్సింది గిరీష్. బయల్దేరే వేళకు ఆటలో ఎవరో వాళ్ల కోట మీద పడ్డారు. ఒక కంటికి చూపు ఆనని ఆ పెద్దాయన పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా ప్లాట్‌ఫారం మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"తేజు నన్ను తిట్టలేదు సార్. వాళ్ల నాయనకు అన్నం పెట్టింది. ఆయన తింటా ఉంటే బ్యాగు సర్దుకుంది. అంతకుముందు డాక్టరు దగ్గరికి పోదామని ఎన్నిసార్లు అడిగిందో. అడిగినప్పుడల్లా ఆ ఉత్తరం చూపించినా."

ఫారం తీశాను. ఎన్ని రోజులు పనికి వెళ్లలేదు?

"ఉద్యోగమే లేదు కదా సార్. సున్నా వేసుకోండి."

ఆట వల్ల ఇంట్లో గొడవలయ్యాయా?

"ఎవరితో సార్?"

ఎంతసేపు ఆడారో ఎవరికైనా అబద్ధం చెప్పారా?

"చెప్పేదానికి ఎవరున్నారు?"

కూడితే ముప్పై ఒకటి. మనిషి ముందుకంటే బాగుపడ్డాడని నా లెక్క చెబుతోంది. అక్కడ కూర్చోలేక బాల్కనీలోకి వెళ్లాను. ఎండలో హైటెక్ సిటీ అద్దాల మేడలు మెరుస్తున్నాయి.

"మీ ఆఫీసు ఎటువైపు ఉండేది?"

"అదో, ఆ నీలం అద్దాలది. నడిస్తే పన్నెండు నిమిషాలు."

పన్నెండు నిమిషాల నడకకు బస్సులతో పనేముంది.

"మరి సమ్మెలో?"

"ఒక్క రోజు గూడా మూయలేదు సార్. టీములో అందరూ వచ్చినారు. రోడ్లు బంద్, రాళ్లేస్తా ఉన్నారని మేనేజరుకు నేనే అబద్ధం చెప్పి ఇంట్లో ఆడుకున్నా. మీరు సమ్మె రోజులేనా అంటే అవునన్నా. అబద్ధం కాదు కదా."

"తేజస్వినికి తెలుసా?"

"తెలుసు. మీకు చెప్దామనే మీ వెనకాల లిఫ్టు దాకా వచ్చింది. ‘ఆయన బిళ్ల పెట్టుకోనుండాడు, సమ్మెలో మీ ఆఫీసు నడిచిందంటే నొచ్చుకుంటాడేమోనని ఊరికే వచ్చేసినా’ అనింది."

సంచీలో పాత ఫారం ఉంది. తీసి, పద్నాలుగో ప్రశ్న దగ్గర సున్నా కొట్టేసి ఐదు వేశాను. మొత్తం దిద్దాను. యాభై ఒకటి. తప్పు నాదేనని చెప్పి అతని చేతికిచ్చాను.

గిరీష్ కోప్పడలేదు. కాగితాన్ని వెలుగుకు పెట్టి చూశాడు. "ఒకటి దాటింది," అన్నాడు. కాగితం మడిచి, "ఇప్పుడు ఎవరికి చూపించాల సార్?"

"నడువు, డాక్టరు దగ్గరికి పోదాం."

"ఈ పొద్దు వద్దు సార్. రేపు చూద్దాం."

మొదటిసారి ఎవరైనా అలాగే అంటారు. నేను సంచీ భుజానికి తగిలించుకున్నాను కానీ కదలలేదు.

"గిరీష్, జర నాతో రా. అక్కడిదాకా ఇద్దరం నడుద్దాం."

తెర వైపు చూశాడు. అక్కడ ఎవరెవరో అతన్ని పిలుస్తున్నారు. కుర్చీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చెప్పులు వెతుక్కున్నాడు. రోజుల తరబడి గడప దాటలేదేమో, మంచం కింద ఒకటి, వంటింట్లో ఒకటి దొరికాయి.

అరగంట పైనే నడిచాం. రెండుచోట్ల ఆగి గోడ పట్టుకున్నాడు. నీలం అద్దాల మేడ ముందు నుంచి పోతున్నప్పుడు తల వంచుకున్నాడు. నేను ట్రాఫిక్ వైపు చూస్తూ నడిచాను.

పద్మావతి గారు ముప్పై ఒకటి ఉన్న ఫారం చూశారు, దిద్దిన పాత ఫారం చూశారు. యాభై లోపు వాళ్లను తీసుకునే పద్ధతి లేదు. రెండింటినీ సొరుగులో పెట్టి, "లోపలికి రమ్మనండి," అన్నారు. ఆ మాటకు ఆమెకు దండం పెట్టాలనిపించింది.

బయటికొచ్చి తేజస్వినికి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను. గిరీష్ ఆస్పత్రికి వచ్చాడని చెప్పాను. అటునుంచి కుక్కర్ కూత వినిపించింది.

"ఆ పదకొండు రోజులు రాసుకున్నారా సార్?" అంది చివరికి.

"రాసుకున్ననమ్మా. నేను ఆ రోజే..."

"సరే సార్," అంది. ఫోన్ పెట్టేసింది.

గిరీష్ డాక్టరు గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, ఇంకా లోపలికి వెళ్లలేదు.

"ఏమనింది సార్?"

"సరే అన్నది."

తలూపాడు. తలుపు మీద చెయ్యి వేసి మళ్లీ నా వైపు తిరిగాడు.

"ఇంకేమైనా అనిందా?"