అమ్మ మీద ఒట్టు

మా ఇంట్లో చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. నాయన అంతే, అన్న అంతే, నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు. అందుకే ఆ ఆదివారం పొద్దున తిరుమలగిరిలోని మా హాల్లో రఫీ నేల మీద పడి ఉండటం, అతని ముక్కు నుంచి కారిన నెత్తురు బండల మీద మరకలు కట్టడం చూసి నేను ఆశ్చర్యపోలేదు. ఒళ్ళు మాత్రం భగ్గున మండింది. అతన్ని ఈ ఇంటికి మొదటిసారి తీసుకొచ్చింది నేనే.

మా అన్న కామరాజు జేసీబీలు, టిప్పర్లు కిరాయికి తిప్పుతాడు. కంటోన్మెంట్‌లో మూతపడ్డ ఒక క్లబ్బు సామాన్లు అమ్మేస్తుంటే, పాత పిన్‌బాల్ మిషన్ ఒకటి కొని తెచ్చి హాల్లో పెట్టాడు. నాలుగు కాళ్ళ పెట్టె, పైన అద్దం. పక్కనున్న బటన్ నొక్కితే లోపలి రెక్కలు ఇనుప గోళీని ఎగరగొడతాయి, గంటలు మోగుతాయి. అమ్మ దానికి గోళీల మిషన్ అని పేరు పెట్టింది.

రఫీ మౌలాలిలో ఇలాంటి ఆట మిషన్లు బాగుచేస్తాడు. నేను అక్కడే రైల్వేలో సిగ్నల్ టెక్నీషియన్‌ని, అలా పరిచయం. దసరాకు ముందు అతను వచ్చి మిషన్‌ని నడిపించి వెళ్ళాడు. ఇంట్లో ఆడుకునేదే కదా అని బిళ్ళలు పడే డబ్బా పీకేసి, ఊరికే ఆడుకునేలా చేశాడు. గోళీ జారిపోయినప్పుడల్లా అన్న పెట్టెను పిడికిలితో గుద్దేవాడు. వెంటనే దీపాలు ఆరిపోయి ఆట ఆగేది.

"ఖరాబ్ కాలే సాబ్. లోపల ఒక గుండు ఏలాడ్తది. దెబ్బ తగిల్తే అది కడియానికి తాకి ఆట బంద్ అయితది. కొట్టినోనికి ఆట లేదన్నట్టు," అని రఫీ అప్పుడే నవ్వుతూ చెప్పాడు.

పండగ మర్నాడు అన్న దోస్తులను పిలిచాడు. ఎన్నిసార్లు స్విచ్ వేసినా మిషన్ పలకలేదు. వాళ్ళు పకపకా నవ్వారు. ఆ నవ్వే ఇవాళ రఫీ మీద పడింది. బాగుచేయమని పిలిపించిన రఫీ ఇంకా మిషన్ మూత కూడా తెరవలేదట, అన్న మొదలుపెట్టేశాడు.

"డూప్లికేట్ సామాన్ ఏసి పోయిండు వీడు. నా ఇజ్జత్ తీసిండు," అంటూ అన్న మళ్ళీ డొక్కలో తన్నాడు.

"తూ నీ! తెరిచి సూస్తే గద తెలిసేది!" అని రఫీ నెత్తురు ఉమ్మేశాడు. అతని కుడి కన్ను వాచి మూసుకుపోయింది. ఎడమ కంటి నిండా నీళ్ళు.

నేను అడ్డం పడబోతే అన్న నా మెడ పట్టి గోడకు నెట్టాడు, నా ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నాడు. తర్వాత రఫీ సంచిలోంచి సుత్తి తీశాడు. దివాన్ మీద కూర్చున్న అమ్మ తల మీద ఎడమ చెయ్యి పెట్టాడు.

"ఈ మిషన్‌ను ఎవడు ఖరాబ్ చేసిండో వాని చెయ్యి ఇరగ్గొడ్త. అమ్మ మీద ఒట్టు."

అమ్మ ఆ చేతి కింద ముడుచుకుపోయింది. ఒకప్పుడు నాయన ఇక తాగనని ఆమె మీద ఒట్టేసి తప్పాడు. కొన్నాళ్ళకే ఆమెకు పక్షవాతం వచ్చింది, ఎడమ కాలు ఈడుస్తూ నడవడం అప్పటి నుంచే. ఈసారి ఒట్టు తప్పితే తన ప్రాణమే పోతుందని ఆమె నమ్మకం. నేను నమ్మను. కానీ రఫీకి చేతులు పోతే బతుకే లేదని నాకు తెలుసు.

"ఎవరు చేసిన్రో నేను తేలుస్త. తేలినంక కొట్టు," అన్నాను.

"తేల్చు. ఆలస్యమైతే మాత్రం నేనాగను," అని అన్న కుర్చీ లాక్కుని రఫీ పక్కనే కూర్చున్నాడు.

మిషన్ ముందు తలుపు తాళం తీసి, పైపలకను ఎత్తి నిలబెట్టాను. రెక్కలను, గంటలను కదిలించే కాయిల్‌లకు కరెంటు పంపే ఫ్యూజు మాడి నల్లబడి ఉంది. రఫీ సంచిలోంచి కొత్తది తీసి వేసి స్విచ్ నొక్కాను. టప్పున పోయింది. అన్న కాలు లేచింది, రఫీ అమ్మీ అని అరిచాడు. ఒక ప్లగ్గు పీకి ఇంకో ఫ్యూజు వేశాను. అదీ పోయింది. మళ్ళీ తన్ను. ఈసారి ఎముక మీద తగిలిన చప్పుడు వినబడింది. నేను ఫ్యూజు వేసినప్పుడల్లా అతని డొక్క పగులుతోంది.

"అక్కా, ఫ్యూజులు బంద్ చెయ్యి," అన్నాడు రఫీ ఊపిరి అందక. "బల్బు పెట్టు."

ఆ మాట నాకెందుకు తట్టలేదని నన్ను నేనే తిట్టుకున్నాను. వరండాలో టిప్పర్ హెడ్‌లైట్ బల్బులు ఉంటాయి, అవి ఇరవై నాలుగు వోల్టులవి. ఈ కాయిల్‌లకూ అంతే కావాలి. ఒకటి తెచ్చి ఫ్యూజు జాగాలో రెండు వైర్లతో తగిలించాను. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, షార్ట్ ఉన్న వైరు పీకితే ఆరిపోతుంది. మాడిపోయేదేమీ లేదు, తన్నడానికి సాకూ లేదు.

స్విచ్ వేస్తే బల్బు కళ్ళు చెదిరేలా వెలిగింది. ఒక్కో ప్లగ్గూ పీకుతూ పోయాను. రెక్కలవి పీకినా వెలుగుతోంది. గోళీని వెనక్కి తన్నే బంపర్లవి పీకినా వెలుగుతోంది. అన్న సుత్తిని అరచేతిలో తట్టుకుంటున్నాడు.

"గంటలది పీకు," అన్నాడు రఫీ.

పీకాను. బల్బు ఆరింది.

స్విచ్ ఆపి, ముందు తలుపులోంచి చెయ్యి లోపలికి పోనిచ్చాను. గంటల పెట్టె అడుగున, సరిగ్గా బిళ్ళ వేసే సందు కింద, రెండు ఇనుప కొసల మధ్య పలచటిదేదో ఇరుక్కుని ఉంది. గోటితో పెకలించి బయటికి తీశాను. రూపాయి బిళ్ళ. దాని మీద పసుపు ఎండి అట్ట కట్టింది, నడుమ కుంకుమ బొట్టు.

అందరికీ ఒకేసారి అర్థమైంది. ఆయుధపూజ నాడు జేసీబీలకు, కారుకు, దీనికి కూడా అన్నే హారతిచ్చాడు. "మిషన్‌కు బోణీ!" అని అరిచి ఈ బిళ్ళను సందులో వేశాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. పట్టడానికి కింద డబ్బా లేదు కాబట్టి అది నేరుగా గంటల మీద పడింది. ఆ బిళ్ళకు పసుపు రాసి అన్న చేతికిచ్చింది అమ్మే.

"అరె, గిదానా!" అని అన్న పెద్దగా నవ్వాడు. సుత్తిని దివాన్ మీద పడేశాడు. "రఫీ, లే బే. చాయ్ తాగి పో. సిందూ, ఫ్యూజు వెయ్యి, ఒక ఆట ఆడ్త."

రఫీ లేవలేదు. లేవలేడు.

నేను ఫ్యూజు వేశాను, ప్లగ్గులు పెట్టాను, పలక దించి తలుపు మూశాను. పళ్ళు కొరుక్కుంటూ చేశాను. స్విచ్ వేయగానే దీపాలన్నీ వెలిగాయి, గంటలు గణగణా మోగాయి. అన్న కుడి చెయ్యి ముందున్న స్టీలు పట్టీ మీద ఆనించి వంగి చూస్తున్నాడు.

"మరి ఒట్టో?" అంది అమ్మ.

"నీ ఒట్టు గట్టు మీద పెట్టవే," అన్నాడు అన్న, తల తిప్పకుండానే.

అమ్మ కాలు ఈడుస్తూ రావడం చూశాను. ఆమె చేతిలో సుత్తి ఉండటమూ చూశాను. ఆపడానికి నాకు సమయం ఉంది. నేను ఆపలేదు.

రెండు చేతులతో ఎత్తి కొట్టింది. వేళ్ళ మీద కాదు, మణికట్టు మీద. పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడైంది. అన్న గొంతులోంచి నేనెప్పుడూ వినని అరుపు వచ్చింది. మోకాళ్ళ మీద కూలిపోయి, వేలాడుతున్న చేతిని పొట్టకు అదుముకున్నాడు. అదే క్షణంలో మిషన్ దీపాలు ఆరిపోయాయి.

"ఖరాబ్ కాలే," అన్నాడు రఫీ నేల మీద నుంచే.

అమ్మ తన తల తడుముకుంది. ఇంకా బతికే ఉన్నానా అని చూసుకుంటున్నట్టుంది. నాకు అన్న మీద జాలి కలగలేదు. ఆమెను చూస్తే మాత్రం ఏడుపొచ్చింది.

సుత్తిని కొంగుతో తుడిచి రఫీ సంచిలో పెట్టింది.

"నా పేగు దెంపుకొని పుట్టినోడే, అయినా ఒట్టు దప్పి నన్ను సంపుతుండె," అంది నాతో. "ఆటో పిలువు బిడ్డా. ఇద్దర్ని దవాఖానకు తోల్కపో. ముందుగాల రఫీని ఎక్కించు."