నాలుగు వేళ్ళ కొలత

గుండె డాక్టరు గారి దగ్గర పనిచేసే నర్సమ్మ చెప్పిన పద్ధతి చాలా తేలిక. రోజూ పొద్దున్నే చీలమండ ఎముక మీద నాలుగు వేళ్ళు అడ్డంగా ఆనించి, పై వేలి దగ్గర కాలి చుట్టూ టేపు పెట్టి కొలవాలి. పది అంగుళాలు దాటితే నీరు చేరుతున్నట్టు. ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకొచ్చెయ్యాలి. మా ఆవిడ గుండె అప్పటికే సగం బలంతో నెట్టుకొస్తోంది.

వంగితే ఆవిడకు ఆయాసం, అందుకని కొలిచే పని నా మీద పడింది. నేను కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ముప్పై ఏళ్ళు పిల్లలకు తీగల మందం కొలవడం నేర్పినవాణ్ణి. ఆవిడ అంతకన్నా ఎక్కువ కాలం ముందుగదిలో మిషను పెట్టుకుని, వీధి వీధంతటికీ కొలతలు తీసి బట్టలు కుట్టింది. అలాంటి ఇంట్లో కొలత తప్పుతుందని ఎవరనుకుంటారు?

తప్పింది.

నాకు పదకొండేళ్ళుగా కీళ్ళవాతం. పొద్దున్నే కాసేపు వేడినీళ్ళలో నానబెడితే గానీ వేళ్ళు గ్లాసు చుట్టూ వంగవు. కొన్ని రోజులు ఊరికే బిగుసుకుంటాయి, కొన్ని రోజులు ఉబ్బుతాయి. అలాంటి ఒక పొద్దున టేపు పదింబావు చూపించింది. కింది వాటాలో ఉండే ఆటో అతన్ని పిలిచి, ఆవిడ మొత్తుకుంటున్నా వినకుండా బయల్దేరదీశాను. రోజంతా సూదులు, పరీక్షలు. సాయంత్రం నర్సమ్మ తన వేళ్ళు ఆనించి కొలిస్తే తొమ్మిదిన్నర. మళ్ళీ కొలిచింది. తర్వాత నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "బాబాయ్ గారూ, వాచింది పిన్నిగారి కాలు కాదు, మీ వేళ్ళు," అంది మెల్లగా. నవ్వలేదు. అది ఆ పిల్ల మంచితనం. నా వేళ్ళు లావైన రోజు కొలత పిక్క వైపు జరిగిపోతోంది, అంతే.

ఆ మంచితనం మా ఆవిడకెక్కడిది? ఆటోలో దారి పొడుగునా ఒకటే నవ్వు.

"కొలిచే ముందు పరికరం సరిచూసుకోండ్రా అని పిల్లల్ని ముప్పై ఏళ్ళు సతాయించారు కదండీ! మీ పరికరం ఎన్నడైనా చూసుకున్నారా?"

"సార్‌ని వదిలెయ్ అక్కా," అన్నాడు ఆటో అతను, తనూ నవ్వుతూ.

మర్నాటి నుంచి ఆవిడే మంచం మీద కాలు మడుచుకుని, తన వేళ్ళు ఆనించి, బట్ట మీద గీసే సుద్దతో గీత పెట్టేది. నేను టేపు చుట్టేవాణ్ణి. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ రోజు నుంచి నా మాటకు విలువ పోయింది. ఉప్పు తగ్గించమన్నా, కాసేపు పడుకోమన్నా ఒకటే జవాబు: "ముందు మీ వేళ్ళ సంగతి చూడండి."

రెండు నెలల తర్వాత ఒక పొద్దున టేపు పదిన్నర చూపించింది.

"ఈసారి ఆనించింది నీ వేళ్ళే," అన్నాను.

ఆవిడ సుద్ద గీత దగ్గర మళ్ళీ వేళ్ళు ఆనించి చూసుకుంది. "నా వేళ్ళే. చొక్కాలు అవనివ్వండి, వెళ్దాం."

చొక్కాలు నావే, ఆరు. కొన్నేళ్ళుగా పొద్దున్నే నాకు గుండీలు పెట్టేది ఆవిడే. ఆసుపత్రిలో గడిపిన ఆ రోజు, తనకు గుండె మీద తీగలు తగిలించి పడుకోబెడితే, నేను గుండీలు పెట్టుకోలేక తెరిచిన చొక్కాతో పక్కన నిలబడ్డానట. అది ఆవిడ మనసులో పడిపోయింది. కాజాలు మూసి, గుండీలు పైకి కనిపించేలా అలాగే ఉంచి, లోపల టిచ్ బటన్లు కుట్టడం రెండు రోజుల ముందే మొదలెట్టింది. అరచేత్తో నొక్కితే చాలు. అప్పటికి రెండు చొక్కాలయ్యాయి. రోజుకు ఒకటి చెయ్యడమే గగనం.

"నేను బనీనుతో తిరుగుతానులే."

"తిరుగుతారు. అందుకే కుడుతున్నా."

"ఈమధ్య వేళ్ళు బాగానే ఉన్నాయి."

"అలాగా?" ఇంకా కాజాలు మూయని మూడో చొక్కా నా మీదికి విసిరింది. "పెట్టుకోండి. పైనుంచి కిందిదాకా. ఆరు గుండీలూ పెట్టుకుంటే ఇప్పుడే ఆటో ఎక్కుతా. ఒట్టు."

నేను చేతులు వేడినీళ్ళలో నానబెట్టుకుని వచ్చాను. మొదటిది పట్టింది. రెండోది రెండుసార్లు జారి పట్టింది. మూడోదానికి చెమట పోసింది. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని, నేను గెలవాలని కోరుకుంటున్నట్టే చూసింది. ఇప్పటికీ నా నమ్మకం అదే. నాలుగోదాన్ని కాజా దాకా తెచ్చాను. బొటనవేలు నా మాట వినడం మానేసింది. చొక్కా అంచు పళ్ళతో పట్టి లాగాను. గుండీ చేతిలోంచి జారిపోయింది.

"ఇక చాల్లెండి," అంది. దగ్గరికొచ్చి పెట్టుకున్న మూడూ విప్పింది. ఆ నాలుగడుగులకే ఆయాసపడి, నా ఛాతీకి నుదురు ఆనించి నిలబడింది. తర్వాత ఆ చొక్కా తీసుకెళ్ళి మిషను సూది కింద పెట్టింది.

నర్సమ్మకు ఫోను చేశాను. "ఎలాగైనా తీసుకురండి బాబాయ్ గారూ," అంది. ఎలాగైనా అంటే ఎలా? నీళ్ళ చెంబు ఎత్తలేనివాణ్ణి, మనిషిని ఎత్తగలనా? ఆటో అతను పైకి వచ్చి బతిమాలాడు. "మూడ్రోజులాగి రా తమ్ముడూ, నీ ఖాకీ చొక్కా జేబు కూడా చిరిగింది, పట్రా," అని పంపించేసింది.

చివరికి నేను చేసింది ఒక్కటే. నా కాళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి, పక్కన స్టూలు వేసుకుని మిషను తొక్కాను. కాజాల మీద కుట్టు పడేలా ఆవిడ బట్ట జరిపింది, నేను తొక్కాను. పని తొందరగా అయితే తొందరగా బయల్దేరుతుందని. అంతకు మించి తెలివి నాకు తట్టలేదు.

మూడో రోజుకు టేపు పదకొండు దాటింది. వెల్లకిలా పడుకోలేక కూర్చునే నిద్రపోయింది. అయిదో చొక్కా మడతపెట్టి, మధ్యాహ్నం తనే "పదండి," అంది. ఆరోది సంచీలో పెట్టుకుంది.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. పదో రోజు లేదు.

"మూడు రోజుల ముందు తీసుకొచ్చుంటే?" అని డాక్టరు గారిని అడిగాను. ఆయన నోరు తెరిచి, నా చేతుల వైపు చూసి, కలానికి మూత పెట్టుకున్నారు. "చెప్పలేమండీ," అన్నారు. ఆయనకు తెలిసే ఉంటుంది. చెప్పకుండా వదిలేసినందుకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఆరో చొక్కాకు ఆవిడ ఆసుపత్రి మంచం మీద మూడు టిచ్ బటన్లు కుట్టగలిగింది. ఆటో అతని భార్య మిగతావి కుట్టిపెడతానంటే వద్దన్నాను. వారంలో ఒకరోజు అది వేసుకుంటాను. పై మూడూ అరచేత్తో నొక్కితే టిక్కుమని పడతాయి. అక్కణ్ణించి కింద తెరుచుకునే ఉంటుంది.