వర్ధనమ్మ ఎత్తిన గిన్నె

వంటింట్లో పీట మీద వర్ధనమ్మ భోజనానికి కూర్చుని ఉంది. వంటిల్లంటే పూర్తిగా వంటిల్లూ కాదు, ఒకవైపు గోడ లేదు, అక్కడ పొగమంచులో ఏదో కొండ నెమ్మదిగా జరిగిపోతోంది, పొయ్యి మీద మరిగే చారు మాత్రం తమ ఇంటి చారే, ఇంగువ వాసనతో సహా. అత్తగారు పోయి ఏడాది దాటిందని సుభాషిణికి తెలుసు. ఆశ్చర్యం దానికి కాదు. ఆవిడ ముందు స్టీలు కంచం బదులు, సుభాషిణి తమ్ముడు జపాన్ నుంచి తెచ్చిచ్చిన గిన్నె ఉంది, ఎవరో చేత్తో చేసిన, ఒకపక్కకి కాస్త ఒరిగిన బూడిదరంగు మట్టిగిన్నె.

"అందులో తింటున్నారేమిటి అత్తయ్యా? మట్టిదానికి ఎంగిలి పోదని అద్దాల బీరువాలో పెట్టించింది మీరేగా."

"పెట్టించాను. అయితే?"

"ఊరగాయ జాడీకి లేని ఎంగిలి దీనికేమిటని అడిగినందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు."

"నీ నోటికి నెల్లాళ్ళు మానేయాల్సింది. చారు పొయ్యి."

సుభాషిణి పోస్తూనే ఉంటుంది, గిన్నె నిండదు, చారు తగిలినచోటల్లా లోపలి పూతలో తెల్లవారే వేళ ఆకాశంలాంటి నీలం విచ్చుకుంటూ పోతుంది, కంచం నేల విడిస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని జన్మంతా అందర్నీ కసిరిన వర్ధనమ్మ ఆ గిన్నెను రెండు చేతులా గుండెదాకా ఎత్తుకుని కళ్ళు మూసుకుంటుంది.

"వెచ్చగా ఉంది, కాలడం లేదే. ఎవరో చెయ్యి పట్టుకున్నట్టుంది."

సుభాషిణి గరిటె పక్కన పెడుతుంది. "మంచంలో ఉన్నప్పుడు స్టీలు గ్లాసు కాలుతోందన్నారు. ఇందులో జావ ఇస్తానంటే మొహం తిప్పేసుకున్నారు. మీరు కాదన్నదాంట్లో నాకు ముద్ద ఎలా దిగుతుంది?"

"పట్టుకోకుండానే కాదన్నానే పిల్లా," అంటుంది వర్ధనమ్మ, కొండ వెనక ఎక్కడినుంచో. "నువ్వు తిను."

కుక్కర్ కూతకి మెలకువ వచ్చింది.

ఆ మధ్యాహ్నం సుభాషిణి బీరువాలోంచి గిన్నె దింపి, కడిగి, వేడి చారన్నం కలుపుకుంది. రెండు చేతులా ఎత్తుతుంటే ఎదురుగా కూర్చున్న భర్త కామేశం చూశాడు.

"ఎత్తి తింటున్నావా? అమ్మ చూస్తేనా..."

సుభాషిణి గిన్నెను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. ఇన్నాళ్ళూ పైపైన దుమ్ము తుడిచిందే గానీ దాన్ని ఇలా ఎప్పుడూ పట్టుకోలేదు. అడుగున పూత అంటని చోట్లు గరుగ్గా తగిలాయి. పూతలో ముంచేటప్పుడు చేసినవాళ్ళు పట్టుకున్న వేళ్ళ జాగాలవి. తన వేళ్ళు వాటిల్లోనే ఉన్నాయి.