మూటలో రెండు నీడలు

చిజురు ఒళ్లో మూట పెట్టుకుని ఒకాయామా పట్టణ కార్యాలయంలో తన నంబరు కోసం కూర్చుంది. ఊరు మారేవాళ్లు, పాత ఊరి కార్యాలయం మడతపెట్టి ఇచ్చిన తమ నీడను పధ్నాలుగు రోజుల్లోగా కొత్త ఊళ్లో అప్పగించాలి. పక్కనున్న కుర్రజంట, మూట నువ్వు పట్టుకో అంటే నువ్వు పట్టుకో అని గిల్లికజ్జాలాడుతున్నారు.

ఆమెకసలు ఊరు మారే ఉద్దేశమే లేదు. అమ్మకు తుంటి విరిగితే చూసుకోవడానికి వచ్చిందంతే. ఒకరోజు చేపల కొట్టు ముసలాయన ఆమె కాళ్ల దగ్గర ఖాళీ నేల చూసి, "ఏమ్మా, ఇల్లు మారుతున్నారా?" అనడిగాడు. అలా తెలిసింది. తకావొకాలో ఉన్న భర్త మొరికజు, ఇంటి పెద్ద హోదాలో ఆమె పేరు ఆ ఊరి నుంచి తీయించేశాడు. మర్నాడు పోస్టులో మూట వచ్చింది. ఇంట్లో ఇప్పుడు బ్యూటీ పార్లర్ రుమికో ఉంటోందని పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పింది.

కాపురానికి వచ్చిన నాటి నుంచి పన్ను కాగితాలు, బీమా కాగితాలు అన్నీ చిజురే చూసింది. ఏనాడూ పెన్ను పట్టని మనిషి, పెళ్లాన్ని గెంటడానికి మాత్రం కార్యాలయం మెట్లెక్కాడు. 

నంబరు పిలిచారు. గుమస్తా అమ్మాయి మూట విప్పి నీడను బల్ల మీద పరిచింది. దాని కింద ఇంకోటి ఉంది.

"మీవారు కూడా వస్తున్నారాండీ? కుటుంబం మొత్తం అన్న గడిలో టిక్కు పెట్టారు. పొరపాటైతే చెప్పండి, వెనక్కి పంపించేస్తాను."

చిజురు వంగి చూసింది. బానపొట్ట, జారిన భుజం. ఆయనదే. తకావొకాలో వారమంతా వాన, తన కాళ్ల కింద ఏం లేదో చూసుకుని ఉండడు.

"పొరపాటేం లేదమ్మా. ఇద్దరినీ రాసుకో."

"ఇంటి పెద్ద?"

"నేనే," అని ముద్ర గట్టిగా నొక్కింది.

మొరికజు ఉండేది మునిసిపాలిటీ క్వార్టర్లో. రుమికో నీడ ఇంకా అక్క ఇంటి చిరునామాలోనే ఉంది. కార్యాలయం లెక్కలో ఎవరి నీడా లేని ఇల్లు ఖాళీ ఇల్లే కాబట్టి, వరుసలో ఉన్న తర్వాతి కుటుంబం సామాన్లతో దిగిపోయింది. రుమికో సంచి సర్దుకుని అక్క ఇంటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత మొరికజు మిఠాయి పెట్టె పట్టుకుని చిజురు గుమ్మంలో నిలబడ్డాడు.

"బుద్ధి గడ్డి తింది చిజురూ. నా నీడ నాకిచ్చెయ్."

"ఇక్కడ లేదండీ. పొద్దున్నే పంపించేశాను."

"ఎక్కడికి?"

"ఉత్తరాన సముద్రం మధ్య ఒక దీవి ఉంది, ఎప్పుడూ పొగమంచే. మిమ్మల్ని ఆ ఊరికి మార్చేశాను. మీ పన్ను కాగితాలు కూడా ఇక అక్కడికే వస్తాయి."

"నన్నడక్కుండా ఎలా మారుస్తావ్?"

"ఇంటి పెద్ద అడగాలా? మీరడిగారా?"

చిజురు మిఠాయి పెట్టె అందుకుంది.

"పడవ వారానికి ఒకటేనట. త్వరగా బయల్దేరండి, గడువు దాటితే జరిమానా వేస్తారు."

మొరికజు వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు. ఇప్పుడు ఆ దీవిలో సముద్రపు నాచు ఆరబెట్టే కొట్టంలో కూలి చేస్తున్నాడు. తిరిగి రావడానికి తకావొకాలో ఇల్లూ లేదు, రుమికోనూ లేదు. అక్కడి కార్యాలయం వాళ్లు నీడను తెచ్చి కాళ్లకు తగిలించారు గానీ, ఆ పొగమంచులో అది అతనికి ఇంతవరకు కనబడలేదు. ఆ సంగతి తలుచుకున్న పూట చిజురుకు రెండో గిన్నె అన్నం కూడా హాయిగా దిగుతుంది.