తండ్రి పేరుతో వెళ్లిన రక్తం

బాన్సువాడ మార్కెట్ యార్డులో ఆరబోసిన వడ్లను దేవ్లి కాళ్లతో తిరగదోస్తోంది. పగిలిన అరికాళ్లలో వడ్ల నూగు చేరి నడిచినంతసేపూ మంట. టార్పాలిన్ పరదా నీడలో కూతురు రేఖ కూర్చుంది. ఆరేళ్లు. చెవులు వినపడవు, ముద్ద మింగడానికి గంట పడుతుంది.

ఎందుకలా పుట్టిందో ఆర్నెల్ల కింద నిజామాబాద్‌లో డాక్టరమ్మ చెప్పింది. కణంలో వారసత్వమంతా దారపుండలా చుట్టుకుని ఉంటుందట. ఏ పోగు ఎప్పుడు విప్పాలో చూసుకునే పనిమనిషిలాంటి ప్రొటీన్ ఒకటుందట. దాన్ని తయారుచేసే సీహెచ్‌డీ7 అనే జన్యువులో తప్పు పడింది. అక్కడ కూడా తప్పు పనిమనిషి మీదికే వచ్చిందన్నమాట, అనుకుంది దేవ్లి.

ఆ తప్పు తల్లి నుంచి వచ్చిందా, తండ్రి నుంచా, పిల్లలోనే కొత్తగా పుట్టిందా తేల్చడానికి ఇద్దరి రక్తం అడిగారు. దేవ్లి పొద్దున్నే ఇచ్చింది. హమాలీ పని చేసే మొగుడు మోతీరాం లారీలో బస్తాలు దించి మధ్యాహ్నం ఇచ్చొచ్చానన్నాడు. ఎనిమిది రోజుల కింద ఫోనొచ్చింది: తప్పు తల్లిలో లేదు, తండ్రి పేరుతో వచ్చిన రక్తం మాత్రం ఈ పిల్ల తండ్రిది కాదు. ఫోను స్పీకర్‌లో ఉంది. పక్కన అత్త జమునాబాయి ఉంది. తండాకు వేరే చాటింపు అక్కర్లేకపోయింది.

ఇవాళ మరిది సుమన్ ఆటో ఆపి, తల వంచుకుని వచ్చాడు.

"వదినె, గా రక్తం నాది. అన్ననే పంపిండు. తప్పు తనదని తేల్తదేమోనని భయపడ్డడు. చెప్పొద్దని ఒట్టేయించుకుండు."

రోజుకు రెండు వందల బస్తాలు మోసే మనిషి, వేలెడంత సీసాకు జడుసుకున్నాడు.

యార్డు చివర మొగుడు బస్తాలెత్తుతున్న లారీ దగ్గరికి వెళ్లి దేవ్లి అతని ముందు నిలబడింది.

"మీ అవ్వకు చెప్పు. ఇప్పుడే, నా ముంగట."

మోతీరాం మెడ మీది గోనెగుడ్డ సర్దుకున్నాడు. "గిప్పుడు చెప్తే నన్నేమంటరు? నాల్గు దినాలైతే అందరు మర్చిపోతరు తియ్."

"నన్నంటుంటే నీకు మంచిగనే నిద్ర పడ్తుందా?"

వడ్ల రాశి అవతల నుంచి జమునాబాయి కేకేసింది. "ఏందిరా, పని ఇడిసి గామెతోని ముచ్చట? ఎవని బిడ్డనో అడిగినవా?"

మోతీరాం బస్తా ఎత్తుకుని నడిచాడు.

దేవ్లి మిగిలిన వడ్లు కూడా తిరగదోసింది. ఒప్పుకున్న పని సగంలో వదిలే అలవాటు లేదు. తర్వాత రేఖను చంకనెత్తుకుంది. "దింపుతా వదినె" అన్న సుమన్ ఆటోను దాటుకుని నడిచి, తల్లిగారి తండా వైపు వెళ్లే జుక్కల్ బస్సెక్కింది.

మోతీరాంకు ఆ సంగతి తెలియదు. పెళ్లయిన పదేళ్లలో మొదటిసారి పెళ్లానికని చాయ్ తెచ్చాడు. అటూ ఇటూ చూసి, పరదా అంచున పెట్టి మళ్లీ లారీ దగ్గరికి పోయాడు. సాయంత్రానికి ఆ కాగితం గ్లాసులో మీగడ కట్టింది. దాని మీద నూగు సన్నగా పరుచుకుంది.