చెరువు నీళ్ల సమితి కప్పిన శాలువాలు

కోడుమూరు దగ్గర మా ఊరి చెరువుకు కాలువ నీళ్లు రావాలని సాధన సమితి పెట్టుకున్నాం. అధ్యక్షుడు మునీంద్ర. ఆయన పద్ధతి ఒకటే. ఎవరి దగ్గరికి పోయినా ముందు శాలువా కప్పాలి, ఫొటో దిగాలి, ఆ తర్వాతే వినతిపత్రం ఇవ్వాలి. తహసీల్దారుకు కప్పాం. కలెక్టరుకు కప్పాం. అమరావతిలో మంత్రిగారికీ కప్పాం. ఫొటోలన్నీ పేపర్లో పడ్డాయి. చెరువులో మాత్రం చుక్క పడలేదు.

"ఢిల్లీలో చెప్తే గానీ ఈడ కదలదప్పా" అంటూ మునీంద్ర మమ్మల్ని రైలెక్కించాడు.

ఢిల్లీలో కేంద్రమంత్రి రెండు నిమిషాలు ఇచ్చాడు. శాలువా కప్పి ఫొటో దిగాం. ఏం కావాలో రాసిచ్చి పొమ్మని ఆయన చెయ్యి చాపాడు. మునీంద్ర సంచంతా వెతికాడు. శాలువాలకు ఇస్త్రీ చేయించే హడావిడిలో వినతిపత్రం ఇంట్లోనే మర్చిపోయాడు. చాపిన చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా, మిగిలిన శాలువా పెట్టి వచ్చేశాం.

ఊళ్లో దిగగానే చెరువు కింద రెండెకరాలున్న మల్లక్క ఎదురొచ్చింది. "నీళ్లు యాడప్పా?" అంది. మునీంద్ర ఫోనులో ఢిల్లీ ఫొటో చూపించాడు. ఆమె నింపాదిగా చూసింది.

"ఇంకో శాలువా ఉంటే మన చెరువు మీద గూడా కప్పండప్పా. అది సచ్చి శానా దినాలయింది."